జానెడు ఎత్తులో

మా మేనమామ చీపురుపల్లిలో ఇంటి పెరట్లోనే షెడ్డు వేసుకుని డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఒకసారి నడుం పట్టేశాక, చిన్న క్రేను కొందామని నన్ను వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్ళాడు.

"ఇది రెండు టన్నులు ఎత్తుతుందండి" అన్నాడు కొట్టతను.

"సెయ్యి ముడుసుకుంటే ఎవులైనా ఎత్తుతారు. దీని సెయ్యి బారుగా సాపితే ఎంతెత్తుతాదో సెప్పు బాబూ" అన్నాడు మామయ్య. అర టన్నేనని తేలింది. మన ఇంజన్లకి అది చాలని, చక్రాలు తిప్పి చూసి మరీ కొన్నాడు.

ఏ ఇంజన్నైనా బల్ల మీదికి ఎక్కించే ముందు జానెడు ఎత్తు లేపి ఆపేవాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చునేవాడు.

ఒకరోజు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఒకావిడ తమ పడవ ఇంజను తెచ్చింది. వాళ్ళింటికి అదే ఆధారం.

"ఏటి మావా, యేలాడదీసి అలా కూకున్నావు? లేపెయ్యి!"

"ఉండమ్మా. తేడా ఉంటే జానెడులోనే తెలిసిపోతాది."

అంతలోనే క్రేను కొక్కెం నుంచి గొలుసు జారి, ఇంజను కింద వేసి ఉంచిన పాత టైరు మీద పడింది. ఆవిడ గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చి దాన్ని తడిమి చూసింది. ఎక్కడా చిట్లలేదు.

"గొలుసు మంచిదేనమ్మా. నేనే సరిగా తగిలించనేదు, తప్పు నాదే" అన్నాడు మామయ్య.

ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. "మా ఇంటాయనైతే ఈపాటికి గొలుసుని తిట్టేసుండును!"

సాయంత్రానికి ఇంజను ఆడింది. మామయ్య ఉన్నన్నాళ్ళూ ఆ పల్లె పడవల ఇంజన్లన్నీ ఆ షెడ్డుకే వచ్చాయి.