నర్సి రాయని పరీక్ష

జూన్‌లో బడి తెరిచి, కొత్త పుస్తకాల కట్టకున్న పురికొస తెంపగానే గదంతా సిరా, జిగురు కలిసిన వాసన వస్తుంది. మల్దకల్ దగ్గర ఒక ప్రాథమిక బడిలో టీచరును కాబట్టి ఈ వాసన నాకు ఏటా ఉండేదే. అయినా ఏటా నాకు నర్సి గుర్తుకొస్తుంది. నాలుగో తరగతి దాకా నా పక్కన కూర్చొని చదివిన పిల్ల.

అప్పుడు మా ఊరి బడి అంటే ఒక్క రేకుల గది, ఐదు తరగతులకూ ఒకే సారు. ఎండలకు రేకులు కాలి నెత్తి మాడేది, వాన పడితే ఆ చప్పుడుకు సారు మాట వినబడక, కారే నీళ్లకు అందరం పలకలు నెత్తిన పెట్టుకొని ఒక మూలకు చేరేవాళ్లం, సారు మండలాఫీసుకు పోయిన రోజు తొక్కుడుబిళ్ల, అచ్చనగండ్లు ఆడుతూ పొద్దుపుచ్చేవాళ్లం. నర్సి మాత్రం ఆ అచ్చనగండ్లనే కుప్పలు పోసి నాకు భాగహారం నేర్పింది. చంకన తమ్ముణ్ణి ఊపుతూ, రెండో చేత్తో రాళ్లు జరుపుతూ, "గిట్ల పంచాలె పద్మా, మిగిలింది పక్కకు పెట్టాలె" అనేది.

మా అమ్మ పదో తరగతి చదివింది. జొన్నరొట్టెలు కొడుతూనే నాతో ఎక్కాలు చెప్పించుకునేది. బతుకమ్మ పండుగకు నువ్వులు వేయించి బెల్లంతో దంచుతుంటే, ఆ కమ్మటి వాసనలో కూర్చొని నేను పాఠం చదివేదాన్ని. నర్సి ఇంట్లో అక్షరం వచ్చినవాళ్లు లేరు. తల్లీతండ్రీ కూలికి పోతే వంట, నీళ్లు, తమ్ముడు అన్నీ దానివే. మా ఇంటికొస్తే గడప బయటే కూర్చునేది, దప్పికంటే మా నాయినమ్మ చెంబు ఎత్తి దాని దోసిట్లో నీళ్లు పోసేది. అది తప్పని అప్పుడు నాకు తోచలేదు.

మా నాలుగో తరగతి ఏడు సారు గురుకులం ప్రవేశ పరీక్షకు ఫారాలు తెచ్చాడు. అదే సీడుపత్తి కాలం, విత్తనాల కోసం వేసే పత్తి అది. ఆ పంటలో మొగ్గలను చేత్తో ఒలిచి, మర్నాడు పొద్దున వేరే మొక్కల పూలు తెచ్చి ఒక్కొక్కదానికీ రుద్దాలి, రెండు నెలలు ఒక్క రోజూ ఆగకుండా. సన్నవేళ్లకే ఆ పని బాగా వస్తుందని ఊళ్లో ఆడపిల్లలను పిలిచేవాళ్లు. నర్సిని మా చేనుకు పిలిచింది మా నాయినే.

సారు మా ఇంటికొచ్చాడు. "నర్సిని రెండు దినాలు బడికి పంపుండ్రి పటేలా. ఫొటో దిగాలె, ఫారం నింపాలె."

"నేనేమన్న పట్టుకున్ననా సారూ? వాళ్ల నాయినే తోలిండు. పువ్వు ఆగుతదా?" అన్నాడు నాయిన.

సారు చాయ్ తాగి వెళ్లిపోయాడు. తలుపు చాటున నిలబడి అంతా విన్నాను. నాయినను అడగాలనుకున్నాను గాని, సారు తాగిన కప్పు తీసుకొని లోపలికి పోయాను.

బతుకమ్మ రోజు నర్సి చేలోంచి నేరుగా వచ్చింది. వేళ్లు పుప్పొడితో పచ్చగా ఉన్నాయి. "పరీక్షల భాగారం ఇస్తే తొందర పడకు," అంది. పరీక్షలో నేను తొందర పడలేదు. నాకు సీటు వచ్చింది. నర్సి ఫారమే నింపలేదు, పత్తి పని అయిపోయినా మళ్లీ బడికి రాలేదు. రేకుపెట్టె పట్టుకొని హాస్టలుకు పోతూ దానికి చెప్పిపోదామని చూస్తే, అది చేలో ఉంది.

నర్సిని ఇచ్చింది నేను పనిచేసే ఊరికే. పోయినేడు దాని బిడ్డ మూడో తరగతిలో నా ముందే కూర్చుంది. లెక్కల్లో చురుకైన పిల్ల. దసరా కాగానే నర్సి వచ్చి, "పట్నం పోతున్నం మేడం. టీసీ ఇయ్యుండ్రి," అంది.

"పిల్లను నా దగ్గర ఉంచవే," అన్నాను.

"చిన్నోణ్ని ఎవరు ఎత్తుకుంటరు? మేమిద్దరం పనికెక్కితే ఇదే చూస్కోవాలె గద."

గురుకులం సంగతి ఎత్తితే, "అది ఐదో తరగతికి గద మేడం, అంతదాంక?" అని అడిగింది. నేను టీసీ పుస్తకం తీశాను.

మా ఊళ్లో ఇప్పుడు ఆ రేకుల గది లేదు, స్లాబు పోసి ఫ్యాన్లు పెట్టారు. నాయిన పోయాడు, ఆ చేను వేరేవాళ్ల చేతికి పోయింది. టీసీలో బడి మానడానికి కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో 'తల్లిదండ్రుల వలస' అని రాసి సంతకం పెట్టాను. నర్సి బడి మానినప్పుడు ఆ గడిలో ఏం రాశారో తెలియదు. నిజం రాసి ఉంటే అక్కడ మా నాయిన పేరు ఉండాలి.