ఆయన తాగలేదు, నిద్రపోయారు

1998 డిసెంబరు పదో తేదీ, లక్ష్మివారం, మధ్యాహ్నం మూడున్నర గంటలకు మా ఆయన నడుపుతున్న ట్రాక్టరు కళ్లంలో గుండ్రంగా తిరగడం మానేసి నేరుగా మా మీదికి వచ్చింది. ఆయన తాగి నడిపారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. టీకొట్టు దగ్గర చెప్పుకున్నారు, పెళ్లి పంక్తుల్లో చెప్పుకున్నారు, మొన్న నా మనవరాలితో కూడా ఎవరో నవ్వుతూ చెప్పారు. కాదని నోటితో చెప్పి చెప్పి విసుగెత్తింది. యాభయ్యో పడిలో అక్షరాలు దిద్దుకున్న చేత్తో ఇప్పుడు రాస్తున్నాను. తప్పులుంటే ఉండనివ్వండి. అబద్ధం మాత్రం ఉండదు.

ట్రాక్టరుతో కుప్ప నూర్చడం చూడనివాళ్ల కోసం ఒక మాట. కుప్ప విప్పి వరి పనలు కళ్లమంతా గుండ్రంగా పరుస్తారు. ట్రాక్టరు వాటి మీద తిరుగుతూనే ఉంటుంది. స్టీరింగు ఒక పక్కకే తిప్పి పట్టుకోవాలి. అదే వేగం, అదే రొద. మధ్యలో ఆపినప్పుడు ఆడవాళ్లం వెళ్లి పంగలకర్రలతో గడ్డి తిరగేస్తాం. ఆ తిరుగుడులో కూర్చుంటే రాత్రంతా హాయిగా పడుకున్నవాడికే కళ్లు మూతలు పడతాయి. మా ఆయన ఏళ్ల తరబడి సరిగ్గా నిద్రపోయిన మనిషే కాదు.

నిద్రపోలేదంటే అందరూ నవ్వేవారు. ఆయన గురక వీధి మొదట్లోకి వినిపించేది మరి. "రైసుమిల్లు మొదలైందిరోయ్" అనేవారు మా బావగారు, అంటే ఆయన అన్నగారు. అయితే ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. ఊపిరి కూడా ఆగేది. పొట్ట మాత్రం ఎగిరెగిరి పడేది. కాసేపటికి కాలవలో మునిగి తేలినవాడిలా గట్టిగా ఊపిరి లాక్కుని మళ్లీ మొదలుపెట్టేవారు. నేను కంగారుపడి లేపితే మా అత్తగారు కసిరేవారు. "గురక ఆగిందంటే మంచి నిద్ర పట్టినట్టే. లేపకు వాణ్ణి." ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురు లేదు. ఆ ఊరంతా కూడా అలాగే అనుకునేది, మొగాడు గురక పెడితే ఒంట్లో బలముందని.

ఆ బలవంతుడు పొద్దున్నే తల పట్టుకుని లేచేవారు. నోరు అట్టకట్టుకుపోయేది. కంచం ముందు ముద్ద చేతిలో పట్టుకుని కునికేవారు, మంగలి ముందు కూర్చుని కునికేవారు. బీపీకి రెండు రకాల మాత్రలు వేసినా దిగేది కాదు. మాట మాటకీ చిరాకు. ఇంట్లో దీనికి పెట్టిన పేరు బద్ధకం.

ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు పెట్టిన పేరు నీరసం. మా వైపు నీరసమంటే చాలు, దూలానికి తాడు కట్టి గ్లూకోజు సీసా వేలాడదీస్తారు. ఎక్కించుకున్నవాడికి అదో గొప్ప. మా ఆయనకు ఎన్ని సీసాలు ఎక్కాయో లెక్క లేదు. అవి చాలవన్నట్టు, నిద్ర చాలట్లేదని చెప్పి ఆ ఏడాది నిద్రమాత్రలు కూడా మొదలుపెట్టాడు మహానుభావుడు. ఆ మాత్రలు వేసినప్పటి నుంచి పగటి తూగు ఇంకా ముదిరింది.

ఆ లక్ష్మివారం నాడు నేను, తోటికోడలు, ఇద్దరు కూలి ఆడవాళ్లు కళ్లం అంచున నిలబడి గడ్డి తిరగెయ్యడానికి ఎదురుచూస్తున్నాం. మా పక్కన సగం విప్పిన కుప్ప. ట్రాక్టరు మలుపు తిరగాల్సిన చోట తిరగలేదు. ఆయన తల గుండెల మీదికి వాలి ఉంది.

"అమ్మగోరూ!" అని కూలమ్మాయి నా రెక్క పట్టి లాగింది. నేనున్న చోటు మీదుగానే వెళ్లి ట్రాక్టరు కుప్పలో దూరి ఆగిపోయింది. స్టీరింగుకు నుదురు కొట్టుకుని ఆయన లేచారు. నెత్తురు తుడుచుకుంటూ, "గడ్డి తిరగేశారా?" అని అడిగారు.

బావగారు పరుగెత్తుకొచ్చారు. తమ్ముడికి తగిలిందా అని చూడలేదు. "పట్టపగలు తాగొచ్చాడు! అదీ లక్ష్మివారం పూట!"

"ఆయన తాగరని మీకు తెలీదా బావగారూ?"

"తాగకపోతే ఇలా కుప్పలో ఎందుకు పడతాడు?"

"దగ్గరికొచ్చి నోరు వాసన చూడండి."

"నేను చూడాలా?"

"తాగాడని అనడానికి నోరు లేచింది, వాసన చూడ్డానికి ముక్కు రాదేం?"

బావగారు కదల్లేదు. ఇందాక నన్ను లాగిన కూలమ్మాయే ముందుకెళ్లి మా ఆయన మొహం దగ్గర మొహం పెట్టింది. "ఉల్లిపాయ వాసనేనండి, ఇంకేం లేదండి. మా ఇంట్లోవోణ్ణి రోజూ వాసన చూత్తాను గదండి, నాకు తెలీదా?"

అప్పటికి ఆర్.ఎం.పి. సంచీతో వచ్చాడు. నుదుటికి కట్టు కట్టి, "నీరసమేనండి. ఓ సీసా ఎక్కిద్దాం, రాత్రికి మాత్ర రెండు వేయండి" అన్నాడు.

"ఆ సీసా మీరే ఎక్కించుకోండి, ఆ మాత్రలు మీరే మింగండి. బతికుంటే రేపు మాట్లాడుకుందాం" అన్నాను. ట్రాక్టరు తాళం లాగి కొంగున ముడేశాను.

"తాళం ఆడదాని కొంగులోకి వచ్చిందా?" అన్నారు బావగారు.

"వచ్చింది. ఈయనకేం జబ్బో తేలేదాకా అక్కడే ఉంటుంది."

మర్నాడు బస్సెక్కించి కాకినాడ తీసుకెళ్లాను. ఊపిరితిత్తుల డాక్టరుగారి గది బయట బల్ల మీద కూర్చున్నారో లేదో, గోడకు తల ఆనించి గురక మొదలుపెట్టారు. మా వంతు వచ్చింది. నేను ఆయన్ని లేపలేదు. లోపలికెళ్లి డాక్టరుగార్నే బయటికి పిలుచుకొచ్చాను. "మీరే చూడండి బాబూ. ఇప్పుడు ఆగుతుంది."

ఆగింది. డాక్టరుగారు మా ఆయన నాడి పట్టుకుని, మళ్లీ ఊపిరి లాగేదాకా నిలబడి చూశారు. తర్వాత నాతో అన్నారు: "ఈయన రాత్రంతా పడుకోవడం లేదమ్మా, ఊపిరి కోసం కుస్తీ పడుతున్నారు. నిద్రలో గొంతు వదులై దారి మూసుకుపోతోంది. ఊపిరి ఆగినప్పుడల్లా ఒళ్లు ఉలిక్కిపడి లేస్తుంది, అది ఆయనకే తెలీదు. ఆ పోరాటం గుండె మీద పడుతుంది, అందుకే బీపీ దిగట్లేదు. ఇలా వదిలేస్తే పక్షవాతం రావచ్చు. నిద్రమాత్రలు ఎవరిచ్చారు? గొంతును ఇంకా వదులు చేస్తాయి అవి."

ఎవరిచ్చారో చెప్పాను. చదువుకున్న మనిషి కాబట్టి తిట్టలేదు. నేను తిట్టాను.

మాత్రలు ఆపించాం. ఒళ్లు తగ్గించమన్నారు, తగ్గించడానికి ఏడాది పట్టింది. వెల్లకిలా పడుకోకుండా బనీను వీపుకు రబ్బరు బంతి కుట్టాను. తర్వాత కొన్నేళ్లకు ముక్కుకు తగిలించుకునే గాలిమిషను వచ్చింది, అది పెట్టుకున్నాక గానీ ఆయన తలనొప్పి లేకుండా లేవలేదు. బీపీ ఒక్క మాత్రకు దిగింది. తాళం అప్పుడిచ్చాను.

బావగారి గురక కూడా మధ్యలో ఆగుతోందని తోటికోడలు ఒకసారి నాతో అంది. కాకినాడ తీసుకెళ్లమన్నాను. వెళ్దామంటే, "నేనేమన్నా తాగుబోతునా?" అని ఆవిడ మీద లేచారట. ఆ జబ్బుకు ఊళ్లో తాగుడని పేరు పెట్టింది ఆయనే. ఇక ఆ పేరు పెట్టుకుని ఆయన ఏ డాక్టరు దగ్గరికి వెళ్తారు?

తాగాడనేవాళ్లు నా దగ్గరికి రానక్కర్లేదు. ఆ రోజు అక్కడున్నవాళ్లను అడగండి. స్టీరింగు దగ్గర మా ఆయన. కళ్లం అంచున నేను, నా పక్కన తోటికోడలు. అరుచుకుంటూ వచ్చిన బావగారు. సంచీతో వచ్చిన ఆర్.ఎం.పి. మా కన్నా ముందు పంగలకర్ర పారేసి పరుగెత్తిన పెద్ద కూలమ్మ. నన్ను రెక్క పట్టి లాగిన చిన్న కూలమ్మ. అంతమందిలో ఆయన నోరు వాసన చూసింది ఆ చిన్నామె ఒక్కతే.