వంకర పోని రేకు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను జీడిమెట్లలోని ఒక షెడ్డులో కొత్తగా చేరిన వెల్డర్‌ని. ఒకరోజు హైటెక్ సిటీలోని ఒక ఆసుపత్రి అంబులెన్సుకు మందుల పెట్టె సాయంత్రానికల్లా చేసి ఇవ్వాలి. టిగ్ వెల్డింగ్ మొదలుపెట్టగానే పల్చటి అల్యూమినియం రేకు వేడికి అప్పడంలా వంకరపోయింది! ఇంకొక్కటే రేకు మిగిలింది. కొందామంటే బంద్, దుకాణాలన్నీ మూసేశారు. నాకు ఏడుపొచ్చేసింది.

"పరేషాన్ గాకు బిడ్డా! కింద రాగి పట్టీ పెట్టి గట్టిగ బిగియ్యి, అది వేడిని గుంజుకుంటది. మొత్తం ఒక్కసారే అతకకు. ఈడింత, ఆడింత అతుక్కుంట పో. నడుమ జర సల్లారనియ్యి" అన్నాడు పెద్ద మేస్త్రీ మల్లయ్య.

మిగిలిన రేకుతో అలాగే చేశాను. చల్లారాక మల్లయ్య రేకు మీద స్కేలు ఆనించి చూశాడు. వెంట్రుకంత సందు కూడా లేదు! "శభాష్!" అని ఆయన అరిచేసరికి హెల్మెట్‌తోనే గెంతాను.

నేను వెల్డర్‌నని నాకు నమ్మకం కలిగింది ఆ రోజే.

— సుజాత, బాచుపల్లి