ఆదెన్న గీసిన గీత

ఆదెన్నకు అనుమానం ఎక్కువ. పాలు తెల్లగా ఉన్నా పిండి కలిపినారేమో అనే రకం. అలాంటి మనిషికి రాయదుర్గం నుంచి తమ్ముడు దివాకర్ ఫోన్ చేసి, "అన్నా, ఆదివారం వస్తా. పార్టిషన్ చేసుకుందాం" అన్నాడు. ఇంకేముంది!

"భాగాలు అనొచ్చు కదా! మన నాయన ఎప్పుడన్నా ఆ మాట అన్నాడా? జీన్స్ ప్యాంట్లు కుట్టేవానికి ఇంగ్లీషు ఎందుకు? ఇందులో ఏదో మెలిక ఉండాది" అని భార్య చిన్నక్క మీద ఎగిరాడు.

"ఆడ అందరూ అట్లే అంటాండారేమోలే" అందామె.

మనసు ఊరుకోలేదు. కుందుర్పికి పోయి టైలర్ ఖాజా పీర్‌ను అడిగాడు.

"ఊర్లో పంచుకుంటే భాగాలంటారు. రిజిస్ట్రారు కాడికి పోతే పార్టిషన్ అంటారు. రెండూ ఒకటేనప్పా."

"ఒకటే అయితే రెండు మాటలెందుకు?" అన్నాడు ఆదెన్న. ఖాజా పీర్ నవ్వి మళ్లీ మిషన్ తొక్కుకున్నాడు. ఆ నవ్వు మీద కూడా అనుమానమే!

నాలుగెకరాల చేను, ఒక్క బోరు. తమ్ముడి కన్ను ఆ బోరు మీదనే అని ఆదెన్న తేల్చుకున్నాడు. వాళ్ల వైపు ఒక కట్టుబాటు ఉంది: పెద్దోడు గీత గీయాలి, చిన్నోడు ముందు కోరుకోవాలి. గీసేవాడు మోసం చేయకుండా ముందటివాళ్లు పెట్టింది. ఆదెన్న దానికీ మందు కనిపెట్టాడు. ఎట్లాగూ బోరు పక్కే కోరుకుంటాడు కాబట్టి ఆ పక్క అరెకరం మాత్రం వదిలి సున్నం గీత గీశాడు. మిగిలిందంతా తనకు. బోరు ఇంకొకటి వేయించుకోవచ్చు.

ఆదివారం దివాకర్ వచ్చి గీత వెంబడి నడిచాడు.

"ఇట్ల గీసినావేమన్నా?"

"నీళ్లను బట్టి గీసినా. కోరుకో" అన్నాడు ఆదెన్న.

"అయితే నాకీ పెద్ద ముక్క ఇయ్యి. బోరు నీకే. అది నేను అడుగుతానని భయపడింటావేమో. నీళ్లు లేకుంటే నువ్వూ వదినా ఎట్ల బతుకుతారని బస్సులో అదే అనుకుంటా వచ్చినా."

ఆదెన్నకు మిగిలింది బోరు, అరెకరం. గీత తప్పు పడింది, మళ్లీ గీస్తానని అందామనుకున్నాడు. ఎందుకు తప్పు పడిందని అడిగితే ఏం చెప్పాలి? గట్టు మీద నిల్చున్న చిన్నక్క అతని వైపే చూస్తోంది. తమ్ముడు తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా అని అనుమానపడటానికి కూడా ఆదెన్నకు ఆ పూట మొహం చెల్లలేదు.