తిట్లకు తగ్గిన దవడ వాపు

మా రోజుల్లో ఒంట్లో బాగాలేదని నమ్మించాలంటే జ్వరమైనా ఉండాలి, మంచమైనా ఎక్కాలి. ఆ రెండూ లేకుండా చతికిలబడినవాడికి ఒకటే పేరు, సోమరి. ఇరవై ఏళ్ల వయసులో ఆ పేరును నేను పందొమ్మిది రోజులు అన్యాయంగా మోశాను. అన్యాయమని మొన్ననే తెలిసింది కనుక కోపం తాజాగానే ఉంది.

అప్పుడు వరంగల్ బజారులో ఒక బట్టల దుకాణంలో కొత్తగా చేరాను. యజమానిని అందరమూ సేటు అనేవాళ్లం. ఆయన మా బాపుతో, "నెల చూస్త. పనికొస్తే ఉంచుకుంట, లేకుంటే తోలుకపో" అన్నాడు. నిచ్చెనెక్కి చీరల కట్టలు దించడం, పరిచి చూపడం, మడిచి మళ్లీ పైన పెట్టడం, ఇదీ పని. మొదటి వారం ఉడతలా ఎక్కాను. తరువాత ఏమైందో, ఎక్కగలను, కానీ ఎక్కాలని లేదు. "ఒక్క చీరకు పది మెట్లా?" అని లోపల ఎవరో బేరమాడేవారు. చేతికందే నాలుగు చీరలనే తిప్పి తిప్పి చూపేవాణ్ని.

ఒకరోజు నెక్కొండ నుంచి పెళ్లివారు వచ్చారు. పెళ్లికూతురి మేనత్త, "బిడ్డా, గా పైనున్న ఆకుపచ్చది జర దించు" అంది. "అది ఆకుపచ్చ కాదమ్మా, కింది నుంచి అట్ల కనవడ్తది" అన్నాను. ఆమె నిచ్చెనను చూసి, నన్ను చూసి, కొంగు బొడ్లో దోపుకుని, "జరుగు, నేనే ఎక్కుత" అంటూ సగం మెట్లెక్కేసింది. దుకాణమంతా నవ్వింది. సేటు నవ్వలేదు. "ఏం పిలగా! నీ ఒంట్ల నెత్తురున్నదా, గంజున్నదా? నెల నిండనీకి ఇంక ఐదు దినాలున్నయ్. గిట్లనే ఉంటే ఇంటికి నడువు!"

మరునాడే, వాచిన దవడతో అన్నం నమలలేక, దవాఖానలో పుచ్చిన పన్ను పీకించుకున్నాను. రెండు రోజుల్లో వాపు తగ్గింది. మూడో రోజు ఎవరూ చెప్పకుండానే నిచ్చెన మీదున్నాను. "చూసిండ్రా? ఒక్క తిట్టు తిడితే ఎట్ల ఉరుకుతాండో!" అని సేటు బజారంతా చెప్పుకున్నాడు. ఉద్యోగం నిలిచింది. అప్పటి నుంచి కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే ఆ మందు పడేది (పళ్లన్నీ బాగున్నవాడికి కూడా).

మొన్న మోకాలు వాచి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నడవగలను గానీ నడవబుద్ధి కావడం లేదన్నాను. "సార్, ఒంట్ల వాపుంటే మెదడు గూడ వెనక్కి గుంజొచ్చు. ఇంత కష్టమెందుకులే అనిపిస్తది. అది బద్ధకం కాదు" అంది.

ఇంటికొచ్చి ఆనాటి డైరీ తీశాను. పేజీకి రెండు గడులు గీసేవాణ్ని, ఆరోగ్యం, నడవడి. ఎడమ గడిలో పందొమ్మిది రోజులు వరుసగా, "కుడి దవడ వాపు." కుడి గడిలో అవే పందొమ్మిది రోజులు, "బద్ధకం. రేపటి నుంచి మారాలి." మధ్యలో స్కేలు పెట్టి గీసిన గీత. ఒక్కరోజైనా ఆ గీత దాటి చూడలేదు! పైగా పన్ను పీకించుకున్న వారం చివర, "సేటు గారి తిట్లు పనిచేశాయి. వారి మేలు మరువరాదు" (కింద రెండు గీతలు).

"ఎవ్వల మీద గంత కోపం?" అంది మా ఆవిడ. "సేటు మీద!" అన్నాను. "గాయన పోయి ఎన్నేండ్లాయె. బద్ధకమని రాసుకున్నది నువ్వేనాయె. ముందు పాలు తేపో." మోకాలు చూపించి డాక్టరమ్మ మాట చెప్పాను. "మంచిగ దొరికింది నీకు డాక్టరమ్మ!" అంటూ తనే చెప్పులేసుకుంది.

పందొమ్మిది చోట్లా "బద్ధకం" కొట్టేసి ఆ పిల్లవాడికి న్యాయం చేద్దామని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మూడు కొట్టేసేసరికి, ఇక చాల్లే అనిపించింది. నేటి పేజీ తెరిచి, ఈసారి గీత గీయకుండా రాశాను, "మోకాలు వాపు. పదహారు మిగిలాయి."