గోడ వెనక నిలబడితేనే ఉడికే అన్నం

మా కొండ మీద ఇప్పుడు జనం స్కీ చేస్తున్నారు. మంచు కురిసే యోగం ఆ కొండకి ఏ జన్మలోనూ లేదు. తెల్లటి ప్లాస్టిక్ బ్రష్షులు కుట్టిన చాపలు వాలంతా పరిచి, వాటి మీద నీళ్లు చల్లి, రండి జారండి అంటున్నారు. సెలవు రోజున దుబాయ్ నుంచీ షార్జా నుంచీ కార్లు బారులు తీరతాయి. జారేవాళ్లకి తెలియని సంగతేమిటంటే, ఆ వాలు అసలు కొండే కాదు. మా క్వారీ టిప్పర్లు ఏళ్ల తరబడి కుమ్మరించిన మట్టి, పనికిరాని రాయి. మేం పారబోసిన గుట్ట మీద పడుతూ లేస్తూ వాళ్లు ఫొటోలు దిగుతుంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త గర్వంగానూ ఉంటుంది.

రస్ అల్ ఖైమా కొండల్లో ఉన్న ఆ క్వారీలో నేను హాజరు లెక్కలు రాసే టైమ్ ఆఫీసు చూసేదాన్ని. మా ఆయన ఉద్యోగం షార్జాలో, కాపురం అక్కడే రోలా అనే పేటలో. వారమంతా నేను క్యాంపులో ఉండి సెలవుకి ఇంటికి వెళ్లేదాన్ని. ఆ క్యాంపు ఊరంటే ఊరే. మగవాళ్ల క్యాంపు, ఆఫీసువాళ్లం మాకు నాలుగు క్వార్టర్లు, ఒక మసీదు, ఒక కిరాణా కొట్టు, ఒక మంగలి షాపు, ఒక మెస్సు. దానికో పేరంటూ లేదు. కంపెనీ బస్సు మీద ‘క్రషర్’ అని రాసి ఉండేది, అదే పేరు. దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. పాతికేళ్ల కుర్రాడు పొద్దున నల్ల జుట్టుతో వెళ్లి సాయంత్రానికి తాతగారై వచ్చేవాడు.

ఆ ఊరికి గడియారం సైరనే. మధ్యాహ్నం భోజనానికి ముందు రాయి పేల్చేవాళ్లు. మొదటి సైరన్ మోగితే పనులు ఆపాలి. రెండోది మోగితే ఎవడైనా సరే, మేనేజరు ముదీర్ అయినా సరే, కాంక్రీటు గోడ వెనక్కి వచ్చి నిలబడాలి. అప్పుడు పేలుడు. అంతా సర్దుకున్నాక మూడో సైరన్. అది వినిపించేదాకా గోడ దాటి అడుగు బయట పెట్టడానికి లేదు. సైరన్ మీట పెషావర్ వైపు నుంచి వచ్చిన ఒక పఠాన్ చాచా చేతిలో ఉండేది. గోడ దగ్గర ఎవరైనా తల బయట పెడితే ఆయన తిట్టే తిట్లకి నేను ఉర్దూ నేర్చుకున్నాను.

మెస్సు రేకుల షెడ్డు. రాయి ఎగిరొస్తే ఆ కప్పు ఆగదు. అందుకని వంటాయన కూడా రావాల్సిందే. జగిత్యాల పక్క పల్లె మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. మొదటి సైరన్‌కి ఎసట్లో బియ్యం పోసేవాడు. రెండోదానికి మంట తగ్గించి, మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి, గరిటె చేత్తో పట్టుకునే గోడ వెనక్కి పరుగెత్తుకొచ్చేవాడు. మూడో సైరన్ అయ్యాక వెళ్లి మూత తీసి, మెస్సు గుమ్మంలో నిలబడి, పదండి అనే అరబ్బీ మాటతో గొంతెత్తేవాడు: “యల్లా, అన్నమైంది!”

ఆ అన్నం గురించి చెప్పాలి. గోదావరి జిల్లా దాన్ని, అన్నం విషయంలో నాకు పొగరెక్కువ. ఒకరి చేతి అన్నం నాకో పట్టాన నచ్చదు. అలాంటిది, ఆ మెస్సు అన్నంలో వట్టి పప్పు కలుపుకుని రెండోసారి పళ్లెం పట్టుకుని నిలబడేదాన్ని. మెతుకు మెతుకు విడివిడిగా, మల్లెమొగ్గల్లా ఉండేది.

కరోనా వచ్చిన ఏడాది క్వారీ ఆగిపోయింది. రాకపోకలు బందయ్యాయి. మా ఆయన రోలాలో, నేను క్యాంపులో చిక్కుకుపోయాం. పేలుడు లేదు, సైరన్ లేదు. సరిగ్గా అప్పుడే అన్నం పాడైంది. ఒకరోజు ముద్ద, ఒకరోజు జావ. అసలే దిగులుగా ఉన్నాం, దాని మీద ఈ సంకటి! నాకు ఒళ్లు మండిపోయింది.

“ఏంటన్నా ఇది? అన్నమా, గోడకి రాసే సున్నమా?”

“ఏమో చెల్లె, చెయ్యి తిరుగుతలేదు. సైరన్ లేక పరేశానైతున్న.”

ఫోన్‌లో అలారం పెట్టి ఇచ్చాను. అది మోగగానే ఇంటి నుంచి ఫోనొచ్చిందనుకుని “హలో, హలో” అంటూ బయటికి పోయేవాడు. ఇంక నా వల్ల కాదని దణ్ణం పెట్టేశాను. రోగం రాకుండా రోజుకింత ముద్ద దొరుకుతోంది, అదే పదివేలు అనుకుని తిన్నాం.

క్వారీ మళ్లీ తెరవలేదు. కంపెనీ ఖలాస్ అంది. బస్సులు మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లిపోయాయి, కొట్టు మూశారు, మంగలి కుర్చీ కూడా పోయింది. పాత సామాను లెక్క అప్పజెప్పడానికి నన్నూ, కాపలాకి చాచానీ, ఇంకొందరు పనివాళ్లనీ, మా పదిమందికి వంటకి అన్ననీ ఉంచారు. అప్పుడు వచ్చింది రిసార్టు కంపెనీ. క్యాంపు గదులకి చెక్క తొడిగి కాటేజీలన్నారు. రాయి నలగ్గొట్టే క్రషర్ యంత్రానికి నూనె రాసి బొమ్మలా నిలబెట్టారు. సైరన్‌కి ఎర్ర రంగు వేసి స్తంభం మీద అలంకారంగా ఉంచారు. చాపలు పరుస్తుంటే అన్న నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, “గీ బ్రష్షుల మీద జారుడేంది చెల్లె, పండ్లు తోముకునేది గాదా?” అన్నాడు.

కొత్త ముదీర్ లెబనాన్ ఆవిడ. మాటలో దురుసు లేదు, పనిలో మొహమాటమూ లేదు. నన్ను టైమ్ ఆఫీసులోనే ఉంచింది. చాచాని గేటు దగ్గర పెట్టింది. వంటాయన సంగతి మాత్రం మూడు రోజులు తిని చూసి చెబుతానంది. నచ్చితే వీసా కొత్త కంపెనీకి మారుతుంది, లేకపోతే టికెట్ కొనిస్తారు.

అన్న నన్ను పక్కకి పిలిచాడు. “బిడ్డ నర్సింగు జేస్తుంది చెల్లె. ఇంకా రెండేండ్లుంది. గిప్పుడు నేను వోతే దాని సదువు ఆగుతది” అన్నాడు. ఆ అమ్మాయి ఫొటో నాకు ముందే తెలుసు. మెస్సులో ఉప్పు డబ్బా వెనక అంటించి ఉండేది, తెల్ల కోటులో.

మొదటి రోజు అన్నం ముద్ద. ఆవిడ రెండు స్పూన్లు తిని పక్కన పెట్టింది. రెండో రోజు నేనే వంటింట్లో కాపలా నిలబడ్డాను. అప్పుడు చూశాను. మూత పెట్టాడు, తీశాడు. మెతుకు నలిపి చూశాడు. మంట పెంచాడు. మళ్లీ మూత తీసి కలిపాడు. నీళ్లు పోశాడు. కాలు కాలిన పిల్లిలా గిన్నె చుట్టూ తిరిగాడు. ఆ కలపడానికి బియ్యమేమిటి, రాయి అయినా ముద్దయ్యేది!

అప్పుడు నా బుర్ర వెలిగింది. ఇన్నేళ్లూ అన్నం అంత బాగా ఎందుకు కుదిరిందో తెలిసింది. మూత పెట్టాక మూడో సైరన్ దాకా ఆయన గోడ వెనక ఉండేవాడు. గిన్నె జోలికి వెళ్లడానికి వీల్లేదు. ఆ ఊళ్లో ఆ అన్నాన్ని కెలికే దిక్కు లేక, అది తన మానాన తను చక్కగా ఉడికేది.

ఆ సాయంత్రమే గేటు దగ్గరికి వెళ్లి చాచాకి చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుంటూ స్తంభం మీది సైరన్ వైపు చూశాడు. “మోటార్ ఠీక్ హై బేటీ. బస్, తార్ చాహియే” అన్నాడు. తీగ నేను స్టోరు నుంచి తెచ్చిచ్చాను. అన్నకి చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. చెబితే ఇంకా కంగారు పడతాడు.

మూడో రోజు మధ్యాహ్నం ముదీర్ మెస్సు ముందు ఎండలో ఫోన్ మాట్లాడుతోంది. ఎసరు మరుగుతోంది. అన్న బియ్యం గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి స్తంభం మీంచి సైరన్ గొంతు విప్పింది. అన్న ఒక్కసారి కొండ వైపు చూశాడు. బియ్యం పోశాడు. చాచా ఏం లెక్క పెట్టుకున్నాడో, రెండోది సరిగ్గా పాత వేళకే మోగించాడు. మంట తగ్గింది, మూత పడింది, మూత మీద రాయి పడింది, గరిటెతో సహా అన్న గోడ వెనక్కి పరుగు!

ఆయనొక్కడేనా? టైల్స్ పనికి మారినవాడు, తోటపనికి మారినవాడు, డ్రైవర్లు, క్వారీ పాతవాళ్లంతా చేతిలో పని వదిలేసి గోడ వెనక్కి వచ్చేశారు. ఈ నాటకం వేయించిన నేను కూడా, చెబితే నమ్మరు, వాళ్లకంటే ముందు పరుగెత్తాను. కాళ్లు నా మాట వినలేదు. పాపం ముదీర్ ఒక్కతే ఎండలో నిలబడి, “ఏమైంది? నిప్పంటుకుందా?” అని అరుస్తోంది. చాచా ఆవిణ్ని కూడా విడిచిపెట్టలేదు. “హటో మేడమ్, హటో!” అని గోడ వెనక్కి తోలుకొచ్చాడు.

అందరం నిలబడ్డాం. పేలుడు రాదని అందరికీ తెలుసు. అయినా చెవులు రిక్కించే ఉన్నాం. అన్న గోడకి నుదురు ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను పక్కకి జరిగి ఆయన భుజం మీద చెయ్యేశాను. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు దాచుకోవాలి, ఆ గోడ మీదా ఆ మనుషుల మీదా నాకు ప్రేమ.

మూడో సైరన్ మోగింది. అన్న వెళ్లి మూత తీశాడు. ఆవిరిలో ఆయన ముఖం కనిపించలేదు. గొంతు మాత్రం వినిపించింది. “యల్లా, అన్నమైంది!”

ముదీర్ పళ్లెం ఖాళీ చేసి మళ్లీ పట్టింది. తర్వాత నన్ను ఆఫీసులోకి పిలిచి తలుపు వేసింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ చాలాసేపు నవ్వి, “ఆ సైరన్ రోజూ వెయ్యమను” అంది.

వీసా మారింది. అప్పట్నుంచీ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. స్కీ చేసేవాళ్లు కూడా ఆ దిమ్మల్లాంటి బూట్లతో టకటకా నడుచుకుంటూ వచ్చి మాతోపాటు గోడ వెనక నిలబడతారు, అదో సరదా వాళ్లకి.

ఈ ఏడాది అన్న కూతురికి కరీంనగర్‌లో ఉద్యోగం వచ్చింది. ఆమె ఇంక చాలు రమ్మంది. ఆయన ఊరికి వెళ్లే ముందు రోజు కొత్త వంటవాడికి అన్నీ చూపించాడు. ఆఖర్న గోడ చూపించి, “మూత వెట్టినంక గీడికి రావాలె. గంతే” అన్నాడు.

ఆరోజు మూడో సైరన్ మోగింది. కొత్తవాడు మూత తీయడానికి వెళ్లాడు. అందరూ వెళ్లారు. అన్న మాత్రం కదల్లేదు. ఇన్నేళ్లూ అందరినీ పిలిచిన మనిషి, తను పిలవక్కర్లేని మొదటి రోజున గోడ పట్టుకుని నిలబడిపోయాడు. నేను వెనక్కి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

“యల్లా అన్నా,” అన్నాను, “అన్నమైంది.”