మాత్ర మానిపించిన పళ్ళరసం

ఫిబ్రవరి నెల. అరిజోనాలోని చాండ్లర్‌లో అప్పటికింకా ఎండలు మొదలుకాలేదు. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన బియ్యం బస్తా కార్లోంచి దించుతూ మా ఆయన గరాజ్ మెట్టు మీద కూలబడ్డారు. చొక్కా తడిసి ముద్దయింది. "దవడ లాగుతోందే. పన్ను నొప్పేమో," అన్నారు. కాసేపటికి ఎడమ భుజం అన్నారు. ఆ తర్వాత, ఫ్రిజ్‌లో ఉన్న జ్యూస్ కాస్త ఇమ్మన్నారు. నేను అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేశాను.

ఆ జ్యూస్ సంగతి చెప్పాలి. మా మామగారు యాభై దాటకుండానే గుండెపోటుతో పోయారు. ఈయనకి బీపీ, హై కొలెస్ట్రాల్. డాక్టర్ కొలెస్ట్రాల్ తగ్గడానికి స్టాటిన్ మాత్ర రాసిచ్చారు. నేనూ ఊరుకోలేదు. ఇడ్లీలోకి అవిసె గింజల కారప్పొడి, లంచ్ బాక్స్‌లో వాల్‌నట్స్, వీలైనప్పుడల్లా చేప. అంతవరకూ బాగానే ఉంది.

ఒకసారి, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి మురళిగారు ఊదారంగు పళ్ళరసం సీసా పట్టుకొచ్చారు. ఈయనతో పాటు కంప్యూటర్ చిప్ కంపెనీలో పనిచేసే మనిషి. నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. నాకు పాప పుట్టినప్పుడు వాళ్ళావిడే మాకు వంట చేసి పంపింది. ఆ రోజు ఆయన ఆ రసాన్ని పులిహోర ప్లేట్ల పక్కన చిన్న గ్లాసుల్లో పోసి అందరికీ అందించారు. "ఇందులో యాంటీఆక్సిడెంట్లు రక్తనాళాలు కడిగేస్తాయి చెల్లెమ్మా. ఈ కొలెస్ట్రాల్ మాత్రలు లివర్‌ని తినేస్తాయి," అన్నారు. అప్పటినుంచి నెలనెలా మా గుమ్మంలోకి ఆ సీసాల పెట్టె దిగేది. వద్దనడానికి మొహమాటం. ఆ మొహమాటమే కొంప ముంచింది.

ఎమర్జెన్సీ‌లో EKG తీశారు. గుండె దెబ్బతిన్నప్పుడు రక్తంలో కనిపించే ట్రోపోనిన్ పెరిగిందన్నారు. నర్సు మందుల గురించి అడుగుతూ స్టాటిన్ దగ్గరికొచ్చింది. "ఐ స్టాప్డ్ ఇట్," అన్నారు ఈయన గోడవైపు చూస్తూ. పక్కనే నిలబడ్డ నేను ఆ మాట వినడం అదే మొదటిసారి. పిక్కల నొప్పులు వచ్చాయట, జ్యూస్ ఉందిగా అనుకున్నారట. నాకు చెప్పలేదు, డాక్టర్‌కీ చెప్పలేదు. అంతకుముందు చెకప్‌లో "ఎనీ సప్లిమెంట్స్?" అని అడిగితే లేవన్నారట. పళ్ళరసం మందెలా అవుతుందని ఈయనగారి లెక్క. నాకు ఒళ్ళు మండిపోయింది. స్ట్రెచర్ మీద ఉన్న మనిషిని తిట్టలేక పళ్ళు నూరుకున్నాను.

యాంజియోగ్రామ్ చేసి, గుండె ముందువైపు పెద్ద రక్తనాళం LADలో స్టెంట్ వేశారు. కార్డియాలజిస్ట్ బయటికొచ్చి "హి వజ్ లక్కీ," అంది. కాళ్ళ నొప్పులని ఒక్క ఫోన్ చేసి ఉంటే వేరే స్టాటిన్ ఇచ్చేవారని చెప్పింది. "బెర్రీస్, నట్స్, ఫిష్, ఆల్ గుడ్. దట్స్ ఫుడ్. ఇట్ డజంట్ రిప్లేస్ ద పిల్."

మర్నాడు మురళిగారు ఆస్పత్రికి చూడ్డానికొచ్చారు, చేతిలో ఇంకో సీసాతో. "ఇప్పుడే దీని అవసరం ఎక్కువ చెల్లెమ్మా."

"అన్నయ్యగారూ, మీకూ కొలెస్ట్రాల్ ఉంది కదా. మీరు మాత్ర మానేశారా?"

ఆయన సీసా మూత బిగించారు. "నేనా... నేను రెండూ తీసుకుంటాను. మా డాక్టర్ ఒప్పుకోడు."

"మరి ఆ మాట ఈయనకెందుకు చెప్పలేదు?"

"నన్ను అడగలేదు కదమ్మా."

దయచేసి బయటికి నడవండి అన్నాను. మా అన్నాచెల్లెళ్ళ వరస అక్కడితో సరి.

కొత్త స్టాటిన్ కూడా మొదట పడలేదు. నొప్పులు మళ్ళీ వచ్చాయి. ఈసారి నేనే ఫోన్ చేశాను, డోస్ తగ్గించారు, తర్వాత మందే మార్చారు. గుండె రోగులకి వ్యాయామం చేయించే కార్డియాక్ రీహాబ్‌లో ట్రెడ్‌మిల్ మీద కాస్త నడవగానే ఈయన ఛాతీ పట్టుకుని భయంతో ఆగిపోయేవారు. ఏమీ లేదని మానిటర్ చూపించినా నమ్మేవారు కాదు. ఆ మొహం చూసినప్పుడల్లా నాకు కోపం పొంగుకొచ్చేది. ఇప్పటికీ వస్తుంది. "పాపం, ఆయన మంచికే చెప్పారు కదండీ," అంటారు తెలిసినవాళ్ళు. మంచికే చెప్పినాయన ఆ స్ట్రెచర్ పక్కన నిలబడి ఉంటే తెలిసేది.

ఇప్పుడు ఈయన ఆఫీస్‌కి వెళ్తున్నారు. సాయంత్రాలు కాలవ పక్కన ఇద్దరం నడుస్తాం. మాత్ర నా కళ్ళ ముందే వేసుకోవాలి, అందులో బేరాల్లేవు.

ఎంత దగ్గరివాళ్ళైనా సరే, గుండెకి మంచిదని ఏదైనా మీ చేతిలో పెడితే, ముందు దాని సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి. ఇచ్చినవాళ్ళని ఒక్కటే అడగండి, మీరు మీ మందు మానేశారా అని. నేను ఆస్పత్రిలో అడిగాను. మీరు పాట్‌లక్‌లోనే, అందరి ముందూ అడగండి.